ఊరు ఎంచుకునే ముందు దాని మంగళవారం సాయంత్రం చూడండి

మీరు అడిగింది ఇది: ఇరవై ఏళ్ళ నగర జీవితం చాలనుకుంటున్నారు. ఇద్దరికీ పని ఇంటినుంచే. ఒకరికి పాట, ఇంకొకరికి నాటకం, పుస్తకాలు. పదకొండేళ్ళ అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. కళాసాహిత్యాలు బతికున్న చిన్న పట్టణానికి మారాలని మూడు ఊళ్ళు అనుకున్నారు. వాటిలో ఒకటి పెద్ద కళోత్సవానికి పేరుపడ్డ ఊరు, మనసు దానివైపే లాగుతోంది. ఏది మంచిదో చెప్పమన్నారు.

ఒక పేరు చెప్పేసి ఊరుకుంటే మీకు మేలు జరగదు. ఊరిని పరీక్షించే పద్ధతి చెబుతాను. ఆ మూడు ఊళ్ళకీ మీరే పెట్టి చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక తేడా పట్టుకోండి. బయటివాళ్ళు చూడటానికి వచ్చే ఊరు ఒకటి, ఊళ్ళోవాళ్ళు తమకోసం తాము చేసుకునే ఊరు ఇంకొకటి. రెండూ ఒకే చోట ఉండొచ్చు. కానీ మొదటిది ఉంది కదా అని రెండోది ఉన్నట్టు లెక్క కాదు. జర్మనీలో బైరాయిట్‌నే తీసుకోండి. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాల (సంగీత నాటకాల) కోసం కట్టి 1876లో తెరిచిన నాటకశాల అక్కడుంది. ఏటా జులై చివర్లో మొదలై ఆగస్టు చివరిదాకా సాగే ఉత్సవానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. అంటే దాదాపు ఒక నెల. అక్కడ కాపురం పెట్టే మనిషికి మిగతా పదకొండు నెలలూ ముఖ్యం. ఆ పదకొండు నెలల కోసం నేనైతే ఆ నాటకశాల కన్నా 1975లో మొదలైన విశ్వవిద్యాలయాన్నే ముందు చూస్తాను. విద్యార్థులు, అధ్యాపకులు ఉన్నచోట వారం వారం ఏదో ఒకటి జరగడానికి వీలుంటుంది.

దీనికి ఎదురుగా కర్ణాటకలోని హెగ్గోడు ఉంది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో ఒక పల్లె. 1949లో మొదలైన నీనాసం అనే నాటక సంస్థ అక్కడిది. ఊళ్ళోవాళ్ళు తమకోసం నాటకాలు వేసుకోవడంతో మొదలై, 1980లో నాటక శిక్షణ సంస్థ, 1985లో ఊరూరా తిరిగి ప్రదర్శించే ‘తిరుగాట’ బృందం వచ్చాయి. దాన్ని నిలబెట్టిన కె.వి. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2005లో ఆయన పోయారు, నీనాసం నడుస్తూనే ఉంది. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఊరికన్నా ముందు మీ సొంత లెక్క తియ్యాలి. గడిచిన పన్నెండు నెలల్లో మీరు నిజంగా ఏం చేశారో రాయండి. ఇష్టమైనవి రాయొద్దు, గడప దాటి వెళ్ళినవే రాయండి. ఫోన్లో టికెట్ల మెసేజీలు, ఫోటోలు, క్యాలెండర్ వెతికితే గంటలో తేలిపోతుంది. నాలుగు వరసలు గీయండి: చూశాం, నేర్చుకున్నాం, చేశాం, నడిపించాం. ముగ్గురికీ విడివిడిగా. నగరంలో ఉన్నవాళ్ళకి సాధారణంగా మొదటి వరస నిండుగా, మిగతా మూడూ ఖాళీగా ఉంటాయి. పట్టణానికి వెళ్ళాక మొదటి వరస కచ్చితంగా కుదించుకుపోతుంది. పేరున్న కళాకారులు ప్రతి నెలా రారు, కొత్త సినిమాలన్నీ ఆడవు. తక్కిన మూడు వరసలే పెరుగుతాయి. పెరగాలి కూడా. ఆ మూడింటి మీద మీకు ఆసక్తి లేకపోతే, ఉత్తమ స్థాయి ప్రదర్శన చూడటమే మీకు ఆనందమైతే, దూరపు పట్టణం మీకు సరిపడదు. నగరానికి గంటన్నరలోపు దూరంలో ఉండి, రాత్రి ప్రదర్శన చూసి అదే రాత్రి ఇల్లు చేరగల ఊరు వెతుక్కోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ప్రేక్షకుడిగా ఉండటం కూడా ఒక నిష్ఠే, దానికి తగ్గ చోటు కావాలి.

మీ వరసలు తేలాక ఊరి లెక్క. ఒక కాగితం మీద 52 గళ్ళు గీయండి, వారానికి ఒకటి. నిరుడు ఆ ఊళ్ళో జరిగిన ప్రతి కార్యక్రమాన్నీ దాని వారంలో వేయండి. ప్రతిదానికీ ఐదు సంగతులు రాయండి: ఏమిటి, ఎక్కడ, ఎవరు నిర్వహించారు, చేసినవాళ్ళు స్థానికులా బయటివాళ్ళా, కొత్తవాళ్ళు పాల్గొనే వీలుందా లేక కూర్చుని చూడటమేనా. సమాచారం ఎక్కడ దొరుకుతుందంటే స్థానిక పత్రికలో ‘నేటి కార్యక్రమాలు’ శీర్షిక, లైబ్రరీ, బృందాల సోషల్ మీడియా పేజీలు. వీటన్నిటికన్నా నమ్మకమైనది హాలు బుకింగు రిజిస్టరు. పోస్టరు పడ్డ కార్యక్రమం రద్దు కావచ్చు, రిజిస్టరులో డబ్బు కట్టి హాలు తీసుకున్నట్టు ఉంటే అది జరిగినట్టే. హాలు మేనేజర్ని మర్యాదగా అడిగితే చాలాచోట్ల నిరుటి పుస్తకం చూపిస్తారు. పెళ్ళిళ్ళు, పార్టీ సమావేశాలు తీసేసి మిగిలినవి లెక్కపెట్టండి.

కాగితం నిండాక మొత్తం ఎన్ని అని చూడకండి, అదే అందరూ చేసే పొరపాటు. ఏడాదికి రెండు వందల కార్యక్రమాలున్న ఊళ్ళో నూట యాభై ఒకే నెలలో ఉండొచ్చు. మూడు విషయాలు చూడండి. ఒకటి, అన్నిటికన్నా బోసిగా ఉన్న ఎనిమిది వారాలు ఏవి, ఆ వారాల్లో మీ ముగ్గురిలో ఒక్కరికైనా వారానికి ఒకటి ఉందా. రెండు, వేర్వేరు నిర్వాహకులు ఎంతమంది. నా ఉద్దేశంలో ఐదారుగురు ఉండాలి, ఎవరి వాటా సగం దాటకూడదు. మూడు, పాల్గొనే వీలున్నవి ఎన్ని. మూడోదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇరవై మంది వారం వారం కలిసి పాడుకునే ఒక గది, సాలుకు నాలుగు భారీ కచేరీలకన్నా మీ జీవితాన్ని ఎక్కువ మారుస్తుంది.

జనాభా ఎంతుండాలి అని అందరూ అడుగుతారు. దానికి ఒక అంకె లేదు, ఒక చిన్న లెక్క ఉంది. ఒక కళ మీద గట్టి ఆసక్తి ఉన్నవాళ్ళు వెయ్యికి ఒకరని అనుకోండి, లెక్క కోసం మాత్రమే. నలభై వేల ఊళ్ళో నలభై మంది. వాళ్ళలో ఒక సాయంత్రం తీరిక ఉన్నవాళ్ళు సగం. ఇరవై మందితో పుస్తక చర్చ బ్రహ్మాండంగా నడుస్తుంది, బృందగానం నడుస్తుంది, నాటకం రిహార్సల్ నడుస్తుంది. అదే ఇరవై మంది మూడు వందల కుర్చీల హాల్లో కూర్చుంటే బయటినుంచి వచ్చిన కళాకారుడికి బండి ఖర్చు కూడా రాదు, మళ్ళీ రాడు. అందుకే చిన్న ఊళ్ళో ‘చేసేవి’ బతుకుతాయి, ‘చూసేవి’ నీరసిస్తాయి. పక్కనే అరగంట దూరంలో ఇంకో రెండు ఊళ్ళుంటే మూడింటి జనాన్నీ కలిపి లెక్కపెట్టుకోవచ్చు. రాత్రిపూట వాటిమధ్య ప్రయాణం కుదిరితేనే.

మరీ చిన్న ఊళ్ళు ఒకే ఒక్క కళను పట్టుకుని నిలబడతాయి. స్కాట్లండ్‌లో విగ్‌టౌన్ జనాభా వెయ్యి అటూ ఇటూ. 1998లో దాన్ని జాతీయ పుస్తకాల ఊరుగా ఎంపిక చేశారు, ఆ పుస్తకాల దుకాణాలే దానికి ఆధారం అయ్యాయి. దాని పెద్దన్న లాంటిది వేల్స్ సరిహద్దులో హే-ఆన్-వై. 1960ల మొదట్లో రిచర్డ్ బూత్ పాత పుస్తకాల దుకాణంతో మొదలుపెట్టాడు, సాహిత్యోత్సవం 1988లోగాని రాలేదు. దుకాణాలు ముందు, ఉత్సవం తర్వాత. ఈ వరస నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఉత్సవం లేని రోజున కూడా అక్కడ తెరిచి ఉండే తలుపు ఒకటుంది. ఇలాంటి ఊరు పుస్తకాల మనిషికి స్వర్గం. అదే ఇంట్లో వయొలిన్ నేర్చుకునే పిల్ల ఉంటే ఆమెకు ఏముందో విడిగా చూడాలి.

ఇప్పుడు ఊరికి వెళ్ళే సంగతి. ఉత్సవం రోజుల్లో వెళ్ళకండి. ఊరు ఎప్పుడు బాగోదంటారో అప్పుడు, ముసురు పట్టినప్పుడో ఎండలు మండేటప్పుడో వెళ్ళండి, అదీ వారం మధ్యలో. సోమవారం చాలాచోట్ల మ్యూజియాలు, థియేటర్లు మూసి ఉంటాయి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఏ ఊరైనా కాస్త ముస్తాబవుతుంది. మంగళ, బుధ, గురువారాల్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఊళ్ళో కాలినడకన తిరగండి. స్కూళ్ళు, లైబ్రరీ, సంఘ భవనాలు, ప్రార్థనా మందిరాల పక్క గదులు, వీటిలో దీపాలు ఎక్కడ వెలుగుతున్నాయో చూడండి. లోపలినుంచి వయొలిన్ అపస్వరాలు వినబడుతున్నాయంటే, ఎవరో ఒకే సంభాషణ పదిసార్లు చెబుతున్నారంటే అది మంచి ఊరు. కచేరీ వినబడటం కన్నా సాధన వినబడటం గొప్ప గుర్తు.

ఇళ్ళ కిటికీలు కూడా చూడండి. రాత్రి ఏడున్నరకి ఊరి పాత వీధిలో ఒక వంద కిటికీలు లెక్కపెట్టి, వెలుతురున్నవి ఎన్నో రాసుకోండి. సగానికి సగం చీకటిగా ఉంటే ఆ ఇళ్ళు సెలవుల కోసం కొన్నవో, రోజు అద్దెకిచ్చేవో అయ్యుంటాయి. ఇంగ్లండ్ తూర్పు తీరాన ఆల్డ్‌బరో సంగీతానికి పెట్టింది పేరు. స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ వాళ్ళు 1948లో మొదలుపెట్టిన ఉత్సవం ఇప్పటికీ నడుస్తోంది. అయినా ఆ ఊళ్ళో చాలా ఇళ్ళు బయటివాళ్ళ రెండో ఇళ్ళు. చీకటి కిటికీల వెనక బృందగానానికి వచ్చే గొంతు ఉండదు, కార్యక్రమం అయ్యాక కుర్చీలు సర్దే చెయ్యీ ఉండదు.

లైబ్రరీ నోటీసుబోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడండి. దూరంనుంచి చూస్తే అన్ని బోర్డులూ ఒకేలా ఉంటాయి, దగ్గరికి వెళితే తెలుస్తుంది. కాగితాల మీద తేదీలు చదవండి. మూడు నెలల కిందటివి ఇంకా వేలాడుతుంటే ఆ బోర్డును చూసేవాళ్ళు లేరని అర్థం. గడువు దాటినవి తీసేసి ఉండి, బోర్డు నిండా గుండుసూదుల రంధ్రాలు, చిరిగిన కాగితం మూలలు మిగిలి ఉంటే అది పనిచేస్తున్న బోర్డు. అచ్చు పోస్టర్లకన్నా చేతిరాతవి విలువైనవి: ‘తబలా వాయించేవారు కావాలి’, ‘బుధవారం రిహార్సల్ ఏడుకి కాదు, ఏడున్నరకి’ అని పెన్నుతో దిద్దినవి. కింద ఫోన్ నంబరు చీటీలుగా కత్తిరించి ఉంటే ఎన్ని చింపుకెళ్ళారో చూడండి. ఆ నంబర్లలో రెండింటికి అక్కడే నిలబడి ఫోన్ చెయ్యండి. ఎత్తినవాళ్ళు ఏ రోజు రమ్మంటారో అదే మీకు మొదటి పరీక్ష ఫలితం.

బాగుచేసేవాళ్ళు ఎవరున్నారో కనుక్కోవడం కూడా ఇలాంటిదే. వయొలిన్ బో (కమాను)కి వెంట్రుకలు మార్చేవాళ్ళు, డోలుకి చర్మం బిగించేవాళ్ళు, పియానో శ్రుతి చేసేవాళ్ళు, బొమ్మలకి ఫ్రేము కట్టేవాళ్ళు. రోజూ వాయించేవాళ్ళు ఆరు నెలలకో ఏడాదికో బో వెంట్రుకలు మార్పించుకోవాలి. ఆ పని మీద ఒక మనిషి బతుకుతున్నాడంటే రోజూ వాయించేవాళ్ళు చుట్టుపక్కల చాలామందే ఉన్నారన్నమాట. పర్యాటక శాఖ కరపత్రం అబద్ధం చెప్పొచ్చు, ఈ మనిషి ఉండటం మాత్రం అబద్ధం కాలేదు.

హాలు చూడమంటే అందరూ కుర్చీలు, ఏసీ చూస్తారు. మీరు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి వేదిక మధ్యలో నిలబడి అరచేతులు ఒక్కసారి గట్టిగా చరవండి. మోత ఎంతసేపు నిలిచిందో మనసులో లెక్కపెట్టండి. మాటల నాటకానికి ఒక సెకను చుట్టుపక్కల ఉంటే మంచిది. బృందగానానికి, ఆర్కెస్ట్రాకి ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు హాయిగా ఉంటుంది. రెండు సెకన్లు బాగా దాటిన హాల్లో నాటకం వేస్తే ఒక అక్షరం మోత ఇంకో అక్షరం మీద పడి నాలుగో వరస నుంచే మాటలు అలుక్కుపోతాయి. దాన్ని సరిదిద్దుదామని మైకు శబ్దం పెంచుతారు, ఇంకా పాడవుతుంది. జనం నిండాక మోత కొంత తగ్గుతుంది, బట్టలు, ఒళ్ళు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క హాలు ఇలా ఉంటే నాటకాల మనిషికి అది శాశ్వతమైన ఇబ్బంది. రెండో చిన్న గది ఉందా అని అడగండి.

నిజానికి ప్రదర్శన హాలు కన్నా రిహార్సల్ గది ముఖ్యం. ప్రదర్శన రెండు రోజులు, రిహార్సల్ రెండు నెలలు. ఆ గది సాయంత్రం ఆరు తర్వాత దొరుకుతుందా, వారానికి ఒకే రోజు ఒకే సమయానికి ఏడాదంతా ఇస్తారా, వస్తువులు పెట్టుకోవడానికి బీరువా ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది. తాళం ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది కానీ చాలా బృందాలు ఇక్కడే చచ్చిపోతాయి. తాళం ఒక్క ఉద్యోగి దగ్గరే ఉంటే ఆయన సెలవు పెట్టిన వారం రిహార్సల్ లేదు, రెండు వారాలు వరసగా పోతే మూడో వారం సగం మంది రారు. మూడు బృందాల దగ్గర మూడు తాళాలున్న ఊరు చాలా ఆరోగ్యంగా ఉన్నట్టు. నాట్యం మీద ఆసక్తి ఉంటే నేల కూడా చూడండి. కాంక్రీటు మీద నేరుగా టైల్స్ వేసిన గదిలో ఏళ్ళ తరబడి సాధన చేస్తే మోకాళ్ళకి, ముంగాలి ఎముకలకి దెబ్బ. కింద ఖాళీ ఉంచి చెక్క పరిచిన నేల కావాలి.

అమ్మాయి వయొలిన్ సంగతి విడిగా చెబుతాను, ఎందుకంటే కుటుంబాలు ఊరు మారి మళ్ళీ నగరానికి తిరిగొచ్చేది ఎక్కువగా పిల్లల చదువు, శిక్షణ దగ్గరే. ‘వయొలిన్ నేర్పేవాళ్ళున్నారా’ అని అడిగితే ఏ ఊళ్ళోనైనా ఉన్నారనే చెబుతారు. అడగాల్సింది ‘మీ దగ్గర అందరికన్నా పెద్ద స్థాయిలో ఉన్న విద్యార్థి ఎవరు, ఎన్నేళ్ళుగా నేర్చుకుంటున్నారు’ అని. ఆ విద్యార్థి మీ అమ్మాయికన్నా కనీసం నాలుగేళ్ళు ముందుండాలి. లేకపోతే రెండేళ్ళలో ఆమే ఆ ఊళ్ళో అందరికన్నా పెద్ద విద్యార్థి అవుతుంది, ముందు నడిచేవాళ్ళు కనబడక ఉత్సాహం చల్లారుతుంది. పదకొండేళ్ళ వయసులో ముప్పావు సైజు వయొలిన్ మీద ఉన్న పిల్లలు ఏడాది రెండేళ్ళలో పూర్తి సైజుకి మారతారు. సైజు మార్చి ఇచ్చే దుకాణం లేదా అద్దెకిచ్చే చోటు ఎంత దూరంలో ఉందో చూడండి. గురువు తర్వాత గురువు ఎవరు, ఆయన ఏ ఊళ్ళో ఉంటారు, వారానికి ఒకసారి రైలెక్కి వెళ్ళిరాగలరా అన్నది మూడో ప్రశ్న. తోటి పిల్లలతో కలిసి వాయించే బృందం ఉంటే మిగతా లోపాలు చాలావరకు సర్దుకుపోతాయి.

ప్రయాణాల విషయంలో ఒకే ఒక్క అంకె చాలు: ప్రదర్శన అయ్యే సమయానికీ ఆఖరి బస్సుకీ మధ్య తేడా. ఏడుకి మొదలయ్యే నాటకం విరామంతో కలిపి తొమ్మిదింబావుకి అవుతుంది, మాట్లాడుకుని బయటపడేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆఖరి బస్సు ఎనిమిదీ ముప్పావుకైతే ఊరి అంచున ఇల్లు తీసుకున్నవాళ్ళు మొదటి ఆరు నెలలు కారేసుకుని వస్తారు, తర్వాత మానేస్తారు. ఇల్లు హాలుకి పదిహేను నిమిషాల నడకలో ఉండాలి. అయితే ఆరుబయట వేదిక ఉంటే దానికి రెండు వందల మీటర్ల లోపల వద్దు. మీరెంత కళాభిమానులైనా వరసగా పది రాత్రులు సౌండ్ చెక్ భరించలేరు.

కొత్తవాళ్ళకి తలుపు తెరిచే ఊరా కాదా అన్నది తేల్చుకోవడం అన్నిటికన్నా కష్టం. పలకరింపులు చూసి మోసపోకండి, చిన్న ఊళ్ళో పలకరింపు మామూలే. మూడు బృందాలకి ఒకే రోజు ఒకే ఉత్తరం రాయండి: మేం ఫలానా తేదీల్లో వస్తున్నాం, మీ సాధన చూడొచ్చా, ఏదైనా పనిలో సాయం చెయ్యొచ్చా. వారంలోపు ‘బుధవారం ఏడింటికి రండి, ఫలానా తలుపు నుంచి’ అని జవాబొస్తే మంచి గుర్తు. ‘సభ్యత్వ ఫారం నింపండి, కార్యవర్గం పరిశీలిస్తుంది’ అంటే తలుపు ఉంది, గడియ వేసి ఉంది. జవాబే రాకపోతే చాలాసార్లు అది నిర్లక్ష్యం కాదు. పనిచేసే మనిషి ఒక్కరే ఉండి ఊపిరాడక ఉన్నారని అర్థం. అలాంటిచోట మీ రాకే వాళ్ళకి ఊతం కావచ్చు, ఆ బరువు మొయ్యడానికి మీరు సిద్ధమైతే.

వెళ్ళినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. గడిచిన రెండేళ్ళలో కొత్తగా చేరినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఇప్పుడు ఈ గదిలో ఉన్నవాళ్ళు ఎవరు. చేరి మానేసినవాళ్ళు ఎక్కువైతే కారణం ఎవరో ఒకరు చెబుతారు. తర్వాత వయసులు చూడండి. అందరూ అరవై దాటి, ముప్పై లోపువాళ్ళు ఒక్కరూ లేకపోతే ఆ బృందానికి పదేళ్ళ భవిష్యత్తు కష్టమే.

హెగ్గోడు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. చిన్న ఊళ్ళలో కళ సాధారణంగా ఒక మనిషి పట్టుదలతో మొదలవుతుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఆ మనిషి మంచాన పడితే, ఊరు మారితే, అలిగితే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ మనిషి పక్కకి తప్పుకున్నా నడిచే ఏర్పాటు ఉందా అని చూడాలి: రిజిస్టరైన సంస్థ, లెక్కలు రాసే వేరే కోశాధికారి, సొంత స్థలం లేదా దీర్ఘకాలపు లీజు, శిక్షణ పొంది వస్తున్న కొత్త తరం. అమెరికాలో టెక్సస్ ఎడారిలోని మార్ఫా అనే ఊరికి డొనాల్డ్ జడ్ అనే కళాకారుడు 1970ల మొదట్లో వెళ్ళాడు. అక్కడి చినాటి ఫౌండేషన్ అనే కళా మ్యూజియాన్ని 1986లో ప్రారంభించాడు. 1994లో ఆయన పోయినా సంస్థ నిలిచింది. అదే మార్ఫా రెండో పాఠం కూడా చెబుతుంది. పేరు పెరిగిన కొద్దీ ఇళ్ళ ధరలు పెరిగి, ఊళ్ళో పనిచేసుకునే మామూలు జనానికి ఇల్లు దొరకడం కష్టమైంది. టీచర్లు, మెకానిక్కులు, కుర్ర కళాకారులు ఉండలేని ఊళ్ళో గ్యాలరీలు మిగులుతాయి, సాధన మిగలదు. మీ మూడు ఊళ్ళలో స్కూలు టీచరు జీతంతో ఊరి లోపలే ఇల్లు అద్దెకి దొరుకుతుందా అని ప్రతిచోటా అడిగి చూడండి.

భాష సంగతి త్వరగా చెబుతాను కానీ తేలిగ్గా తీసుకోకండి. సంగీతం, చిత్రకళ భాష రాకపోయినా కొంతదూరం నడుస్తాయి. నాటకం, కవిత్వం, పుస్తక చర్చ నడవవు. ఊరి భాష మీది కాకపోతే, మీది అయినా యాస బాగా వేరైతే, మీ ఇంట్లో నాటకాల మనిషి ఏడాదో రెండేళ్ళో అతిథిగానే ఉండిపోతారు. అది తెలిసి వెళ్ళాలి.

ఇక ముఠాలు. ప్రతి చిన్న ఊళ్ళోనూ ఒకే కళకి రెండు బృందాలుంటాయి, పదేళ్ళ కిందటి తగువు ఏదో వాటిమధ్య ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు పలకరించినవాళ్ళతో చేరిపోతారు, రెండో తలుపు మూసుకుపోయిందని ఆరు నెలల తర్వాత గాని తెలియదు. మొదటి ఏడాది రెండింటికీ వెళ్ళండి, ఎవరి కార్యవర్గంలోనూ పేరు ఇవ్వకండి. ‘నగరంలో ఇలా చేసేవాళ్ళం’ అన్న మాట నోట రానివ్వకండి. ప్రదర్శన బాగోకపోతే నలుగురిలో అనకండి. నగరంలో విమర్శ గాల్లో కలిసిపోతుంది, ఇక్కడ ఆ నటుడు రేపు పొద్దున మీ అమ్మాయి స్కూల్లో కనబడతాడు.

ఉత్సవాల ఊరిమీద మీ మనసు పడింది కనక దాని గురించి కచ్చితంగా చెబుతాను. కొట్టిపారెయ్యొద్దు, మూడు సంగతులు తేలితే అది మిగతా రెండిటికన్నా మంచిదవుతుంది. ఉత్సవం కోసం కట్టిన హాళ్ళు, లైట్లు, సౌండు సామాను మిగతా నెలల్లో స్థానిక బృందాలకి తక్కువ అద్దెకి ఇస్తారా, లేక తాళం వేస్తారా. ఉత్సవంలో పనిచేసే టెక్నీషియన్లు, దర్జీలు, వడ్రంగులు ఆ ఊళ్ళోనే కాపురం ఉంటారా, లేక సీజనుకి వచ్చి పోతారా. ఊళ్ళోవాళ్ళు ఉత్సవంలో ఏ భాగం తీసుకుంటారు, పార్కింగు చూడటమేనా, వేదిక ఎక్కుతారా. కెనడాలో స్ట్రాట్‌ఫర్డ్ రైల్వే మరమ్మతు షెడ్ల మీద బతికిన ఊరు. ఆ పని తగ్గిపోతున్న రోజుల్లో టామ్ ప్యాటర్సన్ అనే స్థానిక విలేకరి పట్టుబట్టి 1953లో ఒక గుడారంలో షేక్‌స్పియర్ నాటకోత్సవం పెట్టించాడు. 1957కి శాశ్వత భవనం వచ్చింది. ఇప్పుడు దాని సీజను వసంతం నుంచి శరత్తు దాకా నెలల తరబడి సాగుతుంది. అన్ని నెలలు నడిచే ఉత్సవం దుస్తులు కుట్టేవాళ్ళకి, సెట్లు కట్టేవాళ్ళకి ఊళ్ళోనే బతుకు చూపించగలదు. రెండు వారాల ఉత్సవానికి అంత శక్తి ఉండదు. జపాన్‌లో నవొషిమా దీవి ఇంకో కొస: సుమారు మూడు వేల జనాభా, 1992 నుంచి మ్యూజియాలు, 2010 నుంచి మూడేళ్ళకోసారి జరిగే సెతోఉచి కళోత్సవం. చూడటానికి అద్భుతం. కాపురానికైతే మిగతా రెండేళ్ళూ ఎలా గడుస్తాయో చూసి వెళ్ళాలి. మీ ఊరి ఉత్సవం వీటిలో ఏ కొసకి దగ్గరో ఆ 52 గళ్ళ కాగితమే చెబుతుంది.

మూడు ఊళ్ళలో ఒకటి కాగితం మీదే ఎగిరిపోతుంది. మిగిలిన రెండింటిలో ఒక్కోచోట ఆరు వారాలు అద్దెకి ఉండండి, బోసిగా ఉన్న ఆ ఎనిమిది వారాల్లోనే. పని ఇంటినుంచే కాబట్టి మీకు వీలవుతుంది. అమ్మాయి స్కూలు సెలవులతో కలిస్తే ఇంకా మంచిది, కలవకపోతే ఒక్కరే వెళ్ళి రెండు వారాంతాలు ఇంటిల్లిపాదీ కలవండి. మొదటి వారం ఇంటర్నెట్, ఆసుపత్రి, నీళ్ళు, స్కూలు తేల్చుకోండి, వీటిలో ఏది కుదరకపోయినా మిగతా పరీక్షలు అనవసరం. రెండో వారం నుంచి ఒక్కొక్కరు ఒక్కో బృందానికి వారం వారం వెళ్ళండి, మానకుండా. నాలుగోసారి వెళ్ళేసరికి మిమ్మల్ని పేరుతో పిలిచి ఏదో ఒక పని అప్పగించారా అని చూడండి: కుర్చీలు వెయ్యడం, ప్రాంప్టింగు (నటులకి తెర వెనకనుంచి మాట అందించడం), టికెట్ల బల్ల. పని అప్పగించారంటే లోపలికి రానిచ్చారు. ఆరో వారానికి కూడా ‘మా అతిథులు’ అని పరిచయం చేస్తున్నారంటే ఆ బృందం వరకు ఆశ తగ్గించుకోండి. ముగ్గురిలో కనీసం ఇద్దరికి పని దొరకాలి. ఒక్కరికే దొరికిన ఊళ్ళో రెండో మనిషి ఒంటరితనం ఏడాది తిరిగేసరికి ఇంటి సమస్య అవుతుంది.

ఊరు తేలాక కూడా ఇల్లు కొనకండి. ఒక పూర్తి ఏడాది అద్దెలో ఉండి అన్ని ఋతువులూ చూడండి. నగరంలో ఇల్లుంటే ఆ ఏడాదికి అద్దెకివ్వండి, అమ్మకండి. ఊరు మారే నెల మాత్రం బృందాల క్యాలెండరు చూసి పెట్టుకోండి. చాలా బృందాలకి, సంగీత తరగతులకి ఏడాది ఒక నెలలో మొదలవుతుంది, అప్పుడే కొత్తవాళ్ళని తీసుకుంటారు, నాటకానికి పాత్రలు అప్పుడే పంచుతారు. ఆ నెల దాటాక వెళితే పది నెలలు బెంచీ మీద కూర్చోవాలి. దానికి మూడు వారాల ముందే సామానుతో దిగి, డబ్బాలు విప్పకముందే అమ్మాయిని తీసుకుని వయొలిన్ గురువు దగ్గరికి వెళ్ళండి, ఆమె ఇప్పుడు వాయిస్తున్న పాఠం ఒకటి వినిపించి తరగతిలో చోటు ఖాయం చేసుకోండి.